సర్ ఆర్థర్ కాటన్ దొరగారును, మన కాలువ వాటాలును

గోదావరి సీమవారికి సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు ఇంటి పెద్ద పేరువంటిది. ధవళేశ్వరమునందు ఆయన విగ్రహమున్నది. అక్కడి పల్లెలలో ఆయన పటము లేని పంచాయతీ కచ్చేరి అరుదు. మన కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములలో మాత్రము ఆ పేరు అంతగా వినబడదు. సుంకేసులకడ తుంగభద్రనుండి బయలుదేఱి, కర్నూలునొద్ద హంద్రీని వంతెనమీదుగా దాటి, కుందేటి లోయవెంట నంద్యాల ప్రక్కగా సాగి, కడప సమీపమువఱకు 190 మైళ్లు నడచు కాలువను మనము కే. సీ. కాలువ యని పిలుచుచున్నాము. ఆ కాలువ ఆలోచన ఆయనదే. దానిని త్రవ్వించిన ధనము తొలుత దొరతనమువారి బొక్కసమునుండి వచ్చినది కాదు. లండను నగరమున వాటాలు అమ్మి కూర్చిన ధనమది.

ఈ సంగతి నిప్పుడు వ్రాయుటకు కారణ మున్నది. మన విద్యార్థుల తలిదండ్రులలో పలువురు ఈ నడుమ చేతిలోని ఫోనునందే కంపెనీ వాటాలు కొనుచున్నారు. పై తరగతుల బాలురును వాటాల మాట లాడుకొనుచున్నారు. వాటాను పరిశీలించుట యెట్లని యడుగువారికి దూరదేశపు కథలు చెప్పనక్కఱలేదు. మన యూళ్ల ప్రక్కనే పాఱుచున్న కాలువ చాలును.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రికి పదునొకండుగురు కొడుకులు. అందులో నీతడు పదవవాడు. అట్టి యింట చిన్నకొడుకులకు ఆస్తి మిగులదు గదా! ఆడిస్కూంబునందలి ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చదివి, 1821లో మదరాసు ఇంజనీరుల దళమున చేరుటకై ఈ దేశమునకు వచ్చెను. అప్పటి కాయనకు 18 ఏండ్లు. మొదట కావేరి నదిపై పనిచేసెను. తంజావూరు మండలమునకు నీరు తప్పిపోవుచుండగా 1836లో కొల్లడమునకు అడ్డముగా ఆనకట్ట కట్టించి ఆ సీమను నిలిపెను. కరికాలచోళుడు కట్టించినదని చెప్పుకొను కల్లణైని ఆయన మిక్కిలి శ్రద్ధతో పరీక్షించెను. ఇసుకనేలపై కట్టడ మెట్లు నిలుచునో దానిని చూచి నేర్చుకొనెను. దేశీయుల ప్రాచీన విద్యను తృణీకరింపక దానినుండి పాఠము నేర్చిన ఆంగ్లేయాధికారులు ఆ కాలమున తక్కువ. ఈ గుణ మొక్కటి చాలును ఆయనను గౌరవించుటకు.

ఆరోగ్యము చెడి కొంతకాలము ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను కన్యను వివాహమాడి, మరల వచ్చి విశాఖపట్టణమున కొలువు చేసెను. అటుపిమ్మట 1844లో గోదావరి మండల పరిశీలన ఆయనకు ఒప్పగింపబడెను.

ఆ మండల మప్పుడు దుర్దశలో నుండెను. 1833 నాటి కఱవును, 1839 నాటి ఉప్పెనయు జనులను తుడిచిపెట్టెను. 1821లో ఏడు లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1841 నాటికి అయిదున్నర లక్షల దగ్గఱకు దిగిపోయెను. ప్రక్కనే మహానది సముద్రమునకు పోవుచుండగా జనులు ఆకలిచే చచ్చుచుండిరి. కాటన్ దొర అచ్చట ఏమి చేసెనో కొంచెము నిలిచి చూడవలెను. నదిలో ఏ నెలలో ఎంత నీరు పాఱునో లెక్కించెను. ధవళేశ్వరమునకు దిగువ నేల ఎంత వాలుగా నున్నదో కొలిచెను. రాయి ఎంత దూరమున దొఱకునో, సున్నమునకు ఎంత ధర యగునో, కూలి ఎంతో విచారించెను. నీరు వచ్చినచో ఎన్ని యెకరములు తడియును, రైతులు నీటిని తీసికొందురా, పంట పెరిగినచో శిస్తు ఎంత పెరుగును అని పట్టికలు వ్రాసెను. తంజావూరునందు అట్టి డెల్టా నేలపై అట్టి ఆనకట్ట ఎట్టి ఫలమిచ్చెనో పోల్చి చూపెను. 1847లో పని ఆరంభమై 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. శిస్తు పెరిగెను, జనసంఖ్య పెరిగెను, పెట్టిన ధనమునకు దొరతనమువారికి మంచి రాబడి వచ్చెను. వెంటనే విజయవాడకడ కృష్ణపైనను ఆనకట్ట లేచెను.

పెట్టుబడి పరిశీలన యని నేడు పెద్ద పేరుతో పిలుచునది ఇదియే. ఎంత వ్యయము, ఎవరు కొందురు, ఎంత వచ్చును, ఎంత కాలమునకు వచ్చును. అంతకంటె రహస్య మేదియు లేదు.

ఇట్లు కీర్తి వచ్చిన పిదప ఆయన 1854లో హిందూదేశపు ప్రజాహిత నిర్మాణములను గూర్చి యొక పుస్తకము ప్రచురించెను. ఆ కాలమున దొరతనమువారు రైలుమార్గములపై ధనమును కుమ్మరించుచుండిరి. రైలు కంపెనీలు ఇంగ్లండులో వాటాలు అమ్మి ధనము తెచ్చెడివి. ఆ ధనముపై నూటికి 5 వంతున వడ్డీకి దొరతనమువారు హామీ యిచ్చెడివారు. రైలు నష్టపడినను వాటాదారునకు వడ్డీ తప్పదు. ఆ లోటు ఈ దేశపు పన్నులనుండి తీరును. కాటన్ దొర ఇందుకు గట్టి ప్రతిపక్షి. ఎండిన నేలకు ముందు నీరు కావలెననియు, పడవలు నడచు కాలువలు త్రవ్వినచో సరకులు రైలుకంటె చౌకగా పోవుననియు, ఒకే ఖర్చుతో సేద్యమును రవాణాయు సమకూడుననియు ఆయన వాదము. ఈ వాదమును నమ్మినవారు 1858 ప్రాంతమున లండనులో మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను సంఘమును స్థాపించిరి. తుంగభద్ర నీటిని మన సీమగుండ త్రిప్పి పొలములకు పెట్టుటయు, పడవలు నడపుటయు దాని యుద్దేశము. మూలధనము 10 లక్షల పౌనులు. విచిత్ర మేమనగా, రైళ్లకు ఇచ్చినట్లే దీనికిని నూటికి 5 వంతున దొరతనమువారి హామీ లభించెను.

లెక్కల గంటలో నిద్రించు బాలురు ఇక్కడ మేలుకొనవలెనని మనవి. వాటా యనగా ఒక వ్యాపారమునందలి భాగము. పది లక్షల పౌనుల మూలధనమున నూఱు పౌనుల వాటా కొన్నవాడు ఆ కాలువలో పదివేలవ వంతునకు యజమాని. కాలువ లాభించినచో ఆ లాభములో వానికి పాలు వచ్చును. దానిని డివిడెండు అందురు. ఇప్పుడు హామీని చూడుడు. పది లక్షలకు నూటికి 5 అనగా ఏటేట 50,000 పౌనులు. కాలువలో చుక్క నీరు పాఱకున్నను ఆ ధనము వాటాదారునకు వచ్చి తీరును. ఆ దినములలో ఇంగ్లండు దొరతనమువారి స్థిర ఋణపత్రములపై నూటికి 3 వంతు వడ్డీయే యుండెను. అట్టిచోట 5 వచ్చునన్న, లండనులోని పింఛనుదారుడు, వితంతువు, పాదిరిగారు వాటా కొనరా? కొనిరి. కర్నూ లెక్కడ నున్నదో వారు పటములో వెదకవలసిన యవసరమే లేకపోయెను.

మొదటి పాఠ మిక్కడ నున్నది. కంపెనీ డివిడెండు ఇచ్చుచున్నదని విని సంతోషింపరాదు; అది యెచ్చటనుండి వచ్చుచున్నదని యడుగవలెను. వ్యాపారము సంపాదించినదా, అప్పు తెచ్చి పంచినదా, ఇతరుల జేబునుండి వచ్చినదా? నేడు ప్రతి లిస్టెడు కంపెనీయు ఏటేట తన లాభనష్టముల పట్టికను, ఆస్తి అప్పుల పట్టికను, నగదు రాకపోకల పట్టికను ప్రకటింపవలసియున్నది. ఈ మూటిలో మూడవదానిని క్రొత్తవారు చదువనే చదువరు. లాభము కాగితముపై కనబడి, నగదు మాత్రము రాని కంపెనీ గుట్టు ఆ పట్టికలోనే బయటపడును.

పని 1863లో ఆరంభమయ్యెను. అప్పటికి కాటన్ దొర కొలువునుండి విశ్రమించియుండెను. 1861లోనే ఆయనకు సర్ బిరుదము వచ్చెను. సుంకేసులకడ నిలిచి పనిచేయించినవారు సంఘపు ఇంజనీరులు. ఆజ్ఞలిచ్చు డైరెక్టరులు లండనులో నుండిరి. గోదావరి కీర్తిని చూచి వాటాలు కొన్నవారు కాటన్ దొరను కొన్నామని తలంచిరేమో! వారు కొన్నది ఆయన పేరును మాత్రమే.

మఱి నేలయో? గోదావరి డెల్టా పళ్లెమువంటిది. ఒక్క ఆనకట్ట కట్టి నీటిమట్టమును లేపినచో కాలువలు వాటంతట నవే దిగిపోవును. మన సీమ అట్టిది కాదు. సుంకేసులనుండి కుందేటి లోయకు నీరు చేర్చవలెనన్న వాగులు, వంకలు, మిట్టలు దాటవలెను. హంద్రీపై వంతెన కట్టవలెను. మిట్టకందాల యొద్ద ఎత్తునేలను కోయవలెను. ఆదినిమ్మాయపల్లెకడ పెన్నపై వేఱొక ఆనకట్ట కావలెను. పడవలు నడచుటకై లాకులు పెట్టవలెను. 10 లక్షల పౌనులును ఖర్చయ్యెను, కాలువ ముగియలేదు. దొరతనమువారు మఱి 6 లక్షల పౌనులు అప్పుగా ఇయ్యవలసివచ్చెను. 1870 ప్రాంతమునకు కాలువ ఒక విధముగ ముగిసెను.

అంచనాకును వాస్తవ వ్యయమునకును ఎంత యంతర మున్నదో చూచుట రెండవ పాఠము. ఇల్లు కట్టినవా రెల్లరు దీని నెఱుగుదురు. మూలధనము 10 లక్షలైన సంఘమునకు 6 లక్షల అప్పు తోడైనప్పుడు, వచ్చు రాబడిలో ముందు అప్పులవాని వడ్డీ తీరవలెను. వాటాదారుడు పంక్తిలో చివర కూర్చుండువాడు. కావున వాటా కొనునప్పుడు ఆస్తిని చూచిన కంటితోనే అప్పును చూడవలెను.

అయినను ఈ కథలో అందఱికంటె చక్కగా లెక్కవేసినవాడు లండను వాటాదారుడు కాడు, ఇంజనీరు కాడు, నంద్యాల రైతు. కుందేటి లోయ నల్లరేగడి నేల. వానకాలపు తేమను కడుపులో దాచుకొని, చలికాలమున జొన్నను, ప్రత్తిని పండించు నేల. దానికి కాలువ నీ రక్కఱలేదు. నీరు పెట్టి వరి వేయవలెనన్న నేలను చదును చేయవలెను, గట్లు వేయవలెను, ఎద్దులు ఎక్కువ కావలెను, నాట్లకు కూలీలు కావలెను, పైగా నీటితీరువ చెల్లింపవలెను. వాన సమృద్ధిగా కురిసిన ఏట ఆ ఖర్చంతయు వ్యర్థము. రేగడిలో నీరు నిలిచినచో నేల చెడునను భయమును గలదు. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము తినువానికి వరి యింటి యవసరమునకు కాదు, అంగడికి. ఇవన్నియు మనసులో కూడి తీసి, మన రైతు మంచి యేండ్లలో కాలువ నీరు తీసికొనడయ్యెను. అధికారులు ఆ రైతును మందబుద్ధి యని నిందించినవారు కలరు. నా యభిప్రాయమున నది యన్యాయము. తనకు కావలసిన సరకేదో కొనువానికే తెలియును. ఆ కొనువానిని ముందుగా అడుగక 10 లక్షలు పోసినవారిది ఆ తప్పు.

గోదావరిలో ఫలించినది కుందేటిలో ఫలింపకపోవుటకు ఇంజనీరు నేర్పు తగ్గుట కారణము కాదు. అక్కడ నీటికై యెదురుచూచు కొనుగోలుదారు డుండెను, ఇక్కడ లేడు. ఒక కంపెనీ నిన్న ఒకచోట లాభించినదని, రేపు వేఱొకచోట వేఱొక సరకు పెట్టి లాభించునని నమ్మి వాటా కొనువారు ఈ భేదమును తలంపవలెను. కంపెనీని చదువుట యనగా దాని సరకు కొనువారిని చదువుట. ఇది పట్టికలలో దొఱకదు. వీథిలో, అంగడిలో, పొలములో దొఱకును. పల్లెవారికి ఈ విద్య పట్టణమువారికంటె తక్కువ లేదు. గేదెను కొనునప్పుడు నోరు తెఱచి పండ్లు చూచి, రెండుపూటలు పాలు పితికించి చూచి కొనెడి మనిషియే, ఎవరో పంపిన ఫోను సందేశమును నమ్మి చూడని కంపెనీకి ఏబదివేలు పంపుట నాకు తీఱని వింత.

ధరను గూర్చియు ఒక మాట. 100 రూపాయలకు 5 రూపాయలు సంపాదించి పంచు వాటాను 125 ఇచ్చి కొన్నచో నూటికి 4 వచ్చినట్లు. 80 ఇచ్చి కొన్నచో 6¼ వచ్చినట్లు. వాటా అదియే, కంపెనీ అదియే; కొన్న ధరనుబట్టి ఫలము మాఱినది. కావున మంచి కంపెనీ యన్నంతమాత్రమున ఏ ధరకైనను కొనదగినదని యర్థము కాదు. ఈ లెక్క అయిదవ తరగతి బాలుడు చేయగలడు.

ఇంక 1876వ సంవత్సరము వచ్చెను. ధాత కఱవు పేరు మన ముసలివా రిండ్లలో ఇంకను వినబడుచునే యున్నది. రెండేండ్లు వానలు తప్పెను. కర్నూలు మండలమున 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ సుమారు నాలుగవ వంతు జనము తగ్గిరి. ఆ యేండ్లలో మాత్రము కాలువ నీటికి రైతులు ముందునకు వచ్చిరి; కాలువ ప్రక్కనున్న పొలములలో పచ్చదనము నిలిచెను. లండనులోని వాటాదారుల పట్టికలో నష్టముగా నిలిచిన కాలువ, ఆ యేట ఎన్ని కుటుంబములకు గంజి పోసినదో ఏ పట్టికలోను ఎక్కలేదు.

1878లో ఇంగ్లండు పార్లమెంటు సభవారు హిందూదేశపు నిర్మాణములను విచారించుటకు ఒక సంఘమును నియమించిరి. కాటన్ దొర 75 ఏండ్ల ముదుసలి. ఆ సంఘమునెదుట సాక్ష్యమిచ్చెను. కర్నూలు కాలువ నష్టమును చూపి ప్రతిపక్షులు ఆయనను గట్టిగా ప్రశ్నించిరి. ఆయన తన వాదమును విడువలేదు. దేశమంతట నదులను కలుపు కాలువలు త్రవ్వవలెనని మఱింత పెద్ద ఆలోచనలనే చెప్పెను. సంఘమువా రాయన ప్రతిపాదనలను అంగీకరింపలేదు. ఈ విషయమున నాకు తోచునది చెప్పెదను. వాటాల లెక్కలో ప్రతిపక్షుల మాట సరి. ఆ కాలువ వ్యాపారముగా తప్పిపోయెను, తప్పిపోవునని ముందే తెలిసికొనుటకు వీలును ఉండెను. కాని కఱవుసీమకు నీరు కావలెనన్న ముసలివాని మాటయు సరియే. అట్టి పనిని రాజ్యము పన్నులతో తన బాధ్యతగా చేయవలెను. నూటికి 5 ఆశ చూపి దూరదేశపు వాటాదారునిచేత చేయింపరాదు. హామీ యిచ్చుటచే ఏమయ్యెనో చూడుడు: లాభము వచ్చినచో వాటాదారునకు, నష్టము వచ్చినచో ఈ దేశపు రైతునకు. ధాత కఱవులో పశువుల నమ్ముకొన్నవాడును ఆ వడ్డీలో తన పాలు కట్టినవాడే.

1882లో దొరతనమువారు సంఘమునకు వెల యిచ్చి కాలువను కొనిరి. వాటాదారులు తమ ధనము తీసికొని తొలగిరి. కంపెనీ పేరు చరిత్రలో కలిసిపోయెను.

కాటన్ దొర శేషజీవితమును ఇంగ్లండున డార్కింగునందు గడపెను. ఊరకుండుట ఆయన స్వభావము కాదు. ఎనుబదేండ్లు దాటిన పిదప తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమలు విత్తి, చిన్న మడిలో ఎక్కువ పంట తీయుట ఎట్లో పరీక్షలు చేసెను. కొలతలు, పట్టికలు, లెక్కలు అప్పుడును విడువలేదు. 1899 జూలై 24వ తేదీన, 96 ఏండ్ల వయసున మరణించెను. ఆయన కుమార్తె లేడీ హోప్ మఱుసటి యేట ఆయన చరిత్రమును ప్రకటించెను.

కాలువలో పడవల ప్రయాణము 1933లో నిలిచిపోయెను. సేద్యము నిలువలేదు. కాలక్రమమున నంద్యాల రైతు వరియు నేర్చుకొనెను, నీటికై పోరాడుటయు నేర్చుకొనెను. నేడు ఈ కాలువక్రింద 2,65,000 ఎకరములకు పైగా ఆయకట్టు లెక్కలో నున్నది, బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టీ. యం. సీ. ల నీరు కేటాయించెను. తుంగభద్రపై ఎగువను పెద్ద జలాశయము కట్టవలెనని కాటన్ దొర 1860లో సూచించియుండెను. ఆ పని 1945లో మొదలై 1953లో నీరు నిలిచెను. ఆ జలాశయపు నీరే ఇప్పుడు వేసవి ముందు సుంకేసులకు దిగివచ్చి, హంద్రీ వంతెన దాటి, కడపదాక పోవుచున్నది.